చట్రం దాటి గదిలోకి: జ్యామితీయ నైరూప్య చిత్రకళ, కట్టడం – తరచుగా అడిగే ప్రశ్నలు

గీతలూ చతురస్రాలూ మాత్రమే ఉన్న బొమ్మకు భవనంతో ఏం పని?

చాలా పని ఉంది. ఒక ప్రకృతి దృశ్యాన్ని గోడకు తగిలిస్తే మన చూపు గోడను దాటి కొండల్లోకో, ఏటి ఒడ్డుకో వెళ్లిపోతుంది. అక్కడ గోడ ఉందన్న సంగతే మరిచిపోతాం. జ్యామితీయ నైరూప్య చిత్రంలో అలా వెళ్లడానికి దూరం ఉండదు. తెల్లటి తలం, ఒక నల్ల గీత, ఒక ఎర్ర పలక, అంతే. చూపు అక్కడే ఆగుతుంది. ఆగిన చూపుకు చుట్టుపక్కలవి కూడా కనబడడం మొదలవుతుంది: తలుపు చట్రం నిలువు అంచు, కిటికీ కింది గట్టు, గోడా సీలింగూ కలిసే చోట గీత, స్విచ్ బోర్డు. చిత్రంలోని గీతలూ గదిలోని గీతలూ ఒకే జాతివి. అలాంటప్పుడు చిత్రం తన చట్రం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ఈ ప్రశ్న ఈ చిత్రకారులను వదలలేదు. 1915 నుంచి 1930 దాకా రష్యా, నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్‌లలో వాళ్లు చేసిన పనుల్లో చాలావరకు దీనికి వెతికిన జవాబులే.

మొదలు ఎక్కడ?

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) '0,10' అనే ప్రదర్శన మొదలైంది. అందులో చిత్రకారుడు కజిమిర్ మాలెవిచ్ తన 'నల్ల చతురస్రం' పెట్టాడు. చిత్రం పెద్దదేమీ కాదు, ఒక్కో పక్క 80 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాన్ని పెట్టిన చోటే ముఖ్యం. రెండు గోడలు కలిసే మూలలో, సీలింగ్‌కు దగ్గరగా, పైన పెట్టాడు. రష్యన్ ఇళ్లలో అది పూజా మూల, దేవుడి పటాలు ఉండే చోటు. ఆ మూలకు నల్ల చతురస్రాన్ని ఎక్కించడం ఎంత సాహసమో అప్పటి ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఈ సంఘటనను మతం కోణంలోంచే ఎక్కువగా చెబుతారు. నాకు మాత్రం ఇంకో సంగతి అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. ఒక చిత్రం అర్థం దాని లోపల మాత్రమే ఉండదని, గదిలో అది కూర్చున్న చోటు కూడా ఆ అర్థంలో భాగమని అక్కడ తేలిపోయింది. తర్వాత 1920లలో మాలెవిచ్ ప్లాస్టర్ దిమ్మెలతో 'ఆర్కిటెక్టన్లు' అనే నమూనాలు చేశాడు. అవి చూడడానికి భవనాల్లా ఉంటాయి. కానీ వాటిలో ఎవరూ ఉండలేరు, తలుపుల్లేవు, మెట్లు లేవు. చతురస్రాన్ని మందం ఉన్న వస్తువుగా మారిస్తే ఏమవుతుందో చూడాలన్నదే ఆయన కోరిక.

చిత్రం లోపలికి నడిచి వెళ్లే గదిని ఎవరైనా చేశారా?

రష్యన్ కళాకారుడు ఎల్ లిసిట్స్కీ చేశాడు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆర్కిటెక్చర్ చదివినవాడు, వీటెబ్స్క్‌లో మాలెవిచ్‌తో కలిసి పనిచేసినవాడు. అంటే రెండు వైపులా తెలిసిన మనిషి. తన చిత్రాలకు 'ప్రౌన్' అని పేరు పెట్టుకుని, చిత్రలేఖనం నుంచి వాస్తుశిల్పానికి బండి మారే స్టేషన్ ఇదేనన్నాడు.

1923లో బెర్లిన్‌లో జరిగిన పెద్ద కళా ప్రదర్శనలో ఆయనకు ఒక చిన్న గది ఇచ్చారు. అందులో బొమ్మలు తగిలించకుండా గదినే చిత్రంగా మార్చేశాడు. రంగు వేసిన చెక్క పలకలు, కడ్డీలు, ఒక గోళం గోడల మీంచి ముందుకు పొడుచుకొచ్చి ఒక గోడ నుంచి ఇంకో గోడకు చూపును లాక్కెళతాయి. మూల వచ్చిందని ఆగవు. లోపలికి వచ్చినవాడు నడవాల్సిందే. గది మన బతికున్న శరీరాలకు రంగులద్దిన శవపేటిక కాకూడదని ఆయన అప్పట్లో రాశాడు. అసలు గది మిగల్లేదు. తర్వాత తిరిగి కట్టిన రూపం నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్‌లో, ఫాన్ ఆబె మ్యూజియంలో ఉంది.

1927–28లో హానోవర్ మ్యూజియం డైరెక్టర్ అలెగ్జాండర్ డోర్నర్ కోరితే లిసిట్స్కీ ఇంకో గది చేశాడు, పేరు 'అబ్‌స్ట్రాక్ట్ కాబినెట్'. ఈసారి గోడల నిండా సన్నని నిలువు లోహపు పట్టీలు బిగించాడు. ప్రతి పట్టీకి ఒక పక్క తెలుపు, ఇంకో పక్క నలుపు, వెనక గోడ బూడిద రంగు. ఒక వైపు నుంచి వస్తే గోడ తెల్లగా ఉంటుంది, ఎదురుగా నిలబడితే బూడిద రంగు, అటు దాటాక నలుపు. గోడ రంగును చూసేవాడి నడకే తేల్చుతుంది. చిత్రాలు పెట్టిన పలకల్ని చూడవచ్చినవాళ్లే జరుపుకోవచ్చు. ఎన్ని పుస్తకాలు చదివినా అందని విషయాన్ని ఆ పట్టీలు పది అడుగుల్లో చెప్పేస్తాయి. నాజీలు 1937లో దాన్ని పీకి పారేశారు. తిరిగి కట్టిన గది ఇప్పుడు హానోవర్‌లోనే ష్ప్రెంగెల్ మ్యూజియంలో ఉంది.

ఆర్కిటెక్టులూ చిత్రకారులూ సఖ్యంగా పనిచేశారా?

పనిచేశారు, గట్టిగా పోట్లాడుకున్నారు కూడా. 1917లో థియో ఫాన్ డూస్‌బర్గ్ నెదర్లాండ్స్‌లో 'డె స్టైల్' పత్రిక మొదలుపెట్టినప్పుడు పీట్ మోండ్రియాన్ లాంటి చిత్రకారులతో పాటు జె.జె.పి. ఔడ్ లాంటి ఆర్కిటెక్టులు కూడా ఆయన వెంట ఉన్నారు. చిత్రం, కట్టడం, కుర్చీ అన్నీ కలిసి ఒకే కొత్త ప్రపంచాన్ని తయారు చెయ్యాలన్నది వాళ్ల ఆశ.

1921లో రాటర్‌డామ్‌లోని స్పాంగెన్ కాలనీ దగ్గర తగాదా వచ్చింది. అవి ఔడ్ కడుతున్న కార్మికుల ఇళ్లు. తలుపులకు, కిటికీలకు ఏ రంగులు వెయ్యాలో ఫాన్ డూస్‌బర్గ్ ప్లాన్ ఇచ్చాడు. ఆ రంగులు ఇంటి వరసను బలపరచడానికి బదులు దాన్ని చెదరగొడుతున్నాయని ఔడ్‌కు అనిపించింది, మార్చమన్నాడు. ఉన్నది ఉన్నట్టు వెయ్యండి, లేకపోతే అసలు వద్దన్నాడు ఫాన్ డూస్‌బర్గ్. అక్కడితో వాళ్ల జోడీ విడిపోయింది.

నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే: రంగు కట్టడానికి తోడుగా ఉండాలా, ఎదురు తిరగాలా? ఔడ్ వాదన తప్పని నేననను. ఇల్లు కట్టినవాడికి గోడ నిలబడాలి, నిలబడినట్టు కనబడాలి. చిత్రకారుడికి ఆ గోడ బరువు మాయం కావాలి. ఇద్దరూ తమ పని తాము నిజాయితీగానే చేస్తున్నారు.

ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో చూపించే గది ఏదైనా ఉందా?

ఉంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్‌లో, క్లెబెర్ చౌక్‌లో ఉన్న ఒబెట్. బయటినుంచి చూస్తే 18వ శతాబ్దంలో సైన్యం కోసం కట్టిన పొడవాటి రాతి భవనం. 1920లలో ఓర్న్ సోదరులు దాని ఒక భాగాన్ని లీజుకు తీసుకుని కెఫేలు, డాన్స్ హాళ్లు, సినిమా హాలు పెట్టాలనుకున్నారు. ఆ పని మొదట కళాకారిణి సోఫీ టాయ్‌బర్-ఆర్ప్‌కు, ఆమె భర్త హాన్స్ ఆర్ప్‌కు వచ్చింది. పని పెద్దదని వాళ్లు ఫాన్ డూస్‌బర్గ్‌ను కూడా కలుపుకున్నారు. 1928 ఫిబ్రవరిలో తెరిచారు.

ముగ్గురూ ముగ్గురే. హాన్స్ ఆర్ప్ నేలమాళిగలోని డాన్స్ హాలుకు మెత్తటి వంపుల ఆకారాలు వేశాడు. టాయ్‌బర్-ఆర్ప్ టీ గదికీ ఫోయర్ బార్‌కూ నిలువు, అడ్డం దీర్ఘ చతురస్రాలతో లెక్క తప్పని కూర్పు చేసింది. చాలాకాలం ఒబెట్ అంటే ఫాన్ డూస్‌బర్గ్ పేరే చెప్పేవారు. అది అన్యాయం. పని తెచ్చింది ఆమె. కట్టడంతో కొట్లాడకుండా దాన్ని ఊపిరి పీల్చుకోనిచ్చిన గది కూడా ఆమెదే. ఆమె బట్టల మీద డిజైన్లు చేసేది, జ్యూరిక్‌లో పాఠాలు చెప్పేది. నేతలో నిలువు పోగూ అడ్డం పోగూ ఎలా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయో ఆమె చేతులకు తెలుసు. ఆ కూర్పుల్లో ఆ ఎరుక కనబడుతుంది.

ఫాన్ డూస్‌బర్గ్ సినీ-బాల్ హాలు తీసుకున్నాడు. సినిమా ఆడే హాలు, అందులోనే డాన్స్. గోడలు నిలువు, నేల అడ్డం, కిటికీలు నిలువు. వీటన్నిటి మీదా ఆయన రంగు పలకల్ని 45 డిగ్రీల వాలులో పరిచాడు, గోడల మీదే కాదు సీలింగ్ మీద కూడా. పలకలు గోడకంటే కొంచెం పైకి లేచి ఉంటాయి. లోపల నిలబడితే గది ఒరిగిపోతున్నట్టు, మూలలు ఎక్కడున్నాయో తెలియనట్టు అనిపిస్తుంది. కట్టడం చెప్పే మాటకు చిత్రం అడ్డంగా ఇంకో మాట చెప్పాలన్నదే ఆయన పట్టుదల. పక్కనే ఉన్న పెద్ద ఉత్సవాల హాల్లో మాత్రం ఆయనే నిలువు, అడ్డం పలకలు వేశాడు. రెండు హాళ్లనూ వెంట వెంటనే చూడగలగడం ఒక పాఠం లాంటిది. గదులు పక్కపక్కనే, చేసింది ఒక్క మనిషే. అయినా ఒకచోట శరీరం నిలకడగా ఉంటుంది, ఇంకోచోట తడబడుతుంది.

వచ్చినవాళ్లకు నచ్చలేదు. తెరిచిన కొద్దికాలానికే మార్పులు మొదలయ్యాయి. 1938 నాటికి ఆ అలంకరణ అంతా కనబడకుండా పోయింది. ఫాన్ డూస్‌బర్గ్ అంతకుముందే, 1931లో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత కింద పొరల్లో మిగిలిన రంగుల్ని, పాత ఫొటోల్ని, డ్రాయింగుల్ని పట్టుకుని సినీ-బాల్‌ను 1994కు, మొదటి అంతస్తులోని మిగతా గదుల్ని 2006కు మళ్లీ నిలబెట్టారు.

మోండ్రియాన్ 'డె స్టైల్' నుంచి ఆ వాలు గీత వల్లే విడిపోయాడా?

అదొక కారణం. 1924 ప్రాంతంలో ఫాన్ డూస్‌బర్గ్ ఏటవాలు గీత తెచ్చాక మోండ్రియాన్ 'డె స్టైల్'కు దూరమయ్యాడు. తను కూడా చతురస్రపు కాన్వాస్‌ను మూల పైకి వచ్చేలా తిప్పి చిత్రాలు వేశాడు, కానీ లోపలి గీతల్ని మాత్రం నిలువుగా, అడ్డంగానే ఉంచాడు. తిరిగింది చట్రమే.

మోండ్రియాన్ గదులేమైనా చేశాడా?

చేశాడు, తన కోసం. 1921 నుంచి 1936 దాకా పారిస్‌లో రూ ద్యు దెపార్ వీధిలో 26వ నంబరు ఇంట్లో ఆయన స్టూడియో ఉండేది. తెల్లటి గోడల మీద ఎరుపు, నీలం, పసుపు, బూడిద రంగు అట్ట ముక్కలు మేకులతో గుచ్చి, నచ్చకపోతే జరిపేవాడు. గది అంతా ఎప్పటికీ పూర్తికాని ఒక చిత్రం. 1926లో డ్రెస్‌డెన్‌లో ఇడా బీనర్ట్ ఇంటి గదికి డ్రాయింగులు వేశాడు, కానీ ఆయన బతికుండగా అది కట్టలేదు.

1930లో అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ ఆ స్టూడియో చూడడానికి వెళ్లాడు. ఈ అట్ట ముక్కలు కదిలితే బాగుంటుంది కదా అని అడిగాడు. అక్కర్లేదు, నా చిత్రం ఇప్పటికే చాలా వేగంగా ఉంది అన్నాడట మోండ్రియాన్. కాల్డర్‌ను కుదిపేసింది అక్కడి కాన్వాసుల కంటే ఆ గదే. తను నైరూప్యం వైపు తిరగడానికి ఆ సందర్శనే కారణమని తర్వాత రాసుకున్నాడు.

నెదర్లాండ్స్‌లో, ఊట్రెక్ట్‌లోని రీట్‌ఫెల్ట్ ష్రోడర్ ఇల్లు మోండ్రియాన్ చిత్రానికి త్రీ-డీ రూపమేనా?

ఈ మాట ఎక్కడ చూసినా ఉంటుంది, కానీ అది ఆ ఇంటిని చిన్నబుచ్చడమే. 1924లో కట్టిన ఈ ఇంటిని ఆర్కిటెక్ట్ హెరిట్ రీట్‌ఫెల్ట్ ఒక్కడే చెయ్యలేదు. ముగ్గురు పిల్లలతో అందులో ఉండబోతున్న ట్రూస్ ష్రోడర్ ఆయనతో సమానంగా కూర్చుని ఆలోచించింది. పై అంతస్తులో జరిపే గోడలు పెట్టించారు. పగలు అంతా ఒకే హాలు, రాత్రి లాగితే విడివిడి గదులు. భోజనాల బల్ల దగ్గర మూల కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే అక్కడ స్తంభం లేదు, అసలు మూలే లేదు. రంగుల వల్ల అంచులు తెలుస్తాయి, గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా పక్కపక్కన తేలుతున్నట్టు కనబడతాయి. చూడడానికి కాంక్రీటులా ఉన్నా గోడలు చాలావరకు ఇటుకా ప్లాస్టరే.

ఆమె 1985లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. అరవై ఏళ్ల పాటు నివాసమున్న నైరూప్య కళాఖండాలు ఎన్ని ఉంటాయి? 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రంగు వేస్తే గది కొలత నిజంగా మారినట్టు అనిపిస్తుందా?

అనిపిస్తుంది, కానీ 'నీలం వేస్తే గది పెద్దదవుతుంది' లాంటి ఒక్క వాక్యపు సూత్రాల్ని నమ్మొద్దు. ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర పెసాక్‌లో కార్మికుల కాలనీ కట్టినప్పుడు ఇళ్లు మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయని కొన్ని గోడలకు లేత నీలం, కొన్నిటికి లేత ఆకుపచ్చ వేయించాడు. నీలం గోడ వెనక్కి జరిగినట్టు, ఆకుపచ్చ గోడ చెట్లలో కలిసిపోయినట్టు ఉంటుందని లెక్క. అది ఆ ఎండలో, ఆ చెట్ల పక్కన, ఆ దూరం నుంచి పనిచేసే లెక్క. ట్యూబ్‌లైట్ కింద పన్నెండు అడుగుల గదిలో అదే నీలం ఇంకోలా ఉంటుంది. పక్క గోడ రంగు, నేల రంగు, వెలుగు వచ్చే దిక్కు, మనం నిలబడే చోటు, ఈ నాలుగూ కలిసి తేలుస్తాయి.

ఐరోపా బయట ఈ కళ ఎక్కడ బాగా పాతుకుంది?

లాటిన్ అమెరికాలో. నా దృష్టిలో దీనికి అసలైన పెద్ద స్థాయి వచ్చింది అక్కడే. వెనిజులా రాజధాని కరాకస్‌లో ఆర్కిటెక్ట్ కార్లోస్ రౌల్ విజానువేవా కట్టిన యూనివర్సిటీ నగరంలో కళాకారుల్ని చివర్లో పిలవలేదు, కడుతుండగానే కలుపుకున్నారు. ఐరోపా కళాకారులు ఫెర్నాన్ లెజే, విక్టర్ వాసరేలీ, హాన్స్ ఆర్ప్‌ల పనులున్నాయి. ఆర్కిటెక్చర్ ఫ్యాకల్టీ భవనం ముఖం మీద రంగుల కూర్పు వెనిజులా చిత్రకారుడు అలెహాంద్రో ఒతేరోది. పెద్ద ఆడిటోరియం సీలింగ్‌కు కాల్డర్ రంగు రంగుల మేఘాలు వేలాడదీశాడు. అవి అలంకారం మాత్రమే కాదు, ధ్వని నిపుణులతో కలిసి ఎక్కడ ఏ కోణంలో పెట్టాలో తేల్చారు కాబట్టి మాట హాలంతా స్పష్టంగా వినబడుతుంది. పారిస్‌లో మోండ్రియాన్ గదిలో కదిలిపోయిన మనిషి, ఇరవై ఏళ్లు దాటాక, ఆకారాలకు వినికిడి పని కూడా అప్పగించాడు.

బ్రెజిల్ రాజధాని బ్రజీలియాలో కళాకారుడు ఆథోస్ బుల్‌కావ్ టైల్స్‌తో గోడలు చేశాడు. ఒక్కో టైల్ మీద ఏదో ఒక సరళమైన ఆకారం ఉంటుంది. కొన్ని గోడలకు ఏ టైల్ ఎటు తిప్పి అతికించాలో ఆయన చెప్పలేదు, మేస్త్రీల ఇష్టానికి వదిలేశాడు. చిత్రం కట్టడంలో భాగం కావడమంటే అది చేసే చేతుల్ని నమ్మడం కూడా అని ఆ గోడలు చూస్తే నాకనిపిస్తుంది.

గోడ మీద వేసిన చిత్రాన్ని అమ్మడం ఎలా? గోడ పోతే చిత్రం పోయినట్టేనా?

అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ దీనికి దారి చూపించాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఐ.ఎం. పే ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేశాడు. ఆర్కిటెక్ట్ తన చేత్తో ఇటుక పేర్చడు, డ్రాయింగ్ ఇస్తాడు. లెవిట్ కూడా 1968 నుంచి గోడ చిత్రాలకు సూచనలు రాసిపెట్టాడు. గీసేది వేరేవాళ్లు. ప్రదర్శన అయ్యాక సున్నం కొట్టినట్టు పెయింట్ వేసి చెరిపేస్తారు. కొన్నవారి దగ్గర ఉండేది సర్టిఫికెట్టూ సూచనలే. ఇంకో గోడ దొరికితే చిత్రం మళ్లీ పుడుతుంది, ఆ గోడ కొలతను బట్టి కొంచెం మారుతుంది కూడా.

అందరికీ ఆ అదృష్టం లేదు. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1963లో న్యూయార్క్‌లోని పాన్ ఆమ్ భవనం లాబీ కోసం చేసిన 'మన్‌హాటన్' అనే పెద్ద గోడ చిత్రాన్ని 2000 ప్రాంతంలో రిపేర్ల పేరుతో తీసేశారు. అది మళ్లీ కొత్తగా తయారై అదే చోటికి 2019లో తిరిగొచ్చింది.

మన దేశంలో చూడదగ్గవి?

చండీగఢ్ హైకోర్టులో లె కార్బూజియే రూపకల్పన చేసిన భారీ టాపెస్ట్రీలున్నాయి, అంటే గోడకు వేలాడదీసే నేత చిత్రాలు. కాంక్రీటు గదుల్లో మాట మారుమోగకుండా చూడడం వాటి పని, న్యాయమూర్తి వెనక గోడకు రంగుల జ్యామితి ఇవ్వడం కూడా. వాటిని నేసింది కశ్మీర్‌లో.

ఇంకొకరు నస్రీన్ మొహమదీ. బరోడాలో పాఠాలు చెప్పిన ఈ చిత్రకారిణి కాగితం మీద పెన్సిల్, ఇంకు, స్కేలుతో గీసిన సన్నని గీతలే ఆమె కళ. ఫతేపూర్ సిక్రీ లాంటి చోట్ల కట్టడాల అంచుల్ని, నీడల్ని ఆమె ఫొటోలు తీసుకుంది. ఆ ఫొటోలు చూశాక ఆమె గీతల్ని చూస్తే గుండె ఝల్లుమంటుంది. అక్కడ గోడ మీద రంగు లేదు, కాగితం మీదే ఒక ప్రాంగణం ఉంది.

ఫొటోలో చూస్తే చాలదా?

చాలదు. ఫొటో ఒక చోటు నుంచే చూస్తుంది. స్విట్జర్లాండ్ కళాకారుడు ఫెలీచే వారీనీ ఈ తేడానే తన పనిగా పెట్టుకున్నాడు. 2018లో ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోట గోడలు, బురుజుల మీద పసుపు పట్టీలు అతికించాడు. ఒకే ఒక్క చోట నిలబడితే అవి ఒకదాని లోపల ఒకటిగా నిండు వలయాల్లా కనబడేవి. రెండడుగులు పక్కకు వేస్తే ముక్కలు ముక్కలు. నిండు వలయాల ఫొటోనే అందరూ పంచుకుంటారు, కానీ ఆ కోట ఎంత లోతుగా, ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పింది ముక్కలే.

అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

లెవిట్ కోసం మసాచుసెట్స్ రాష్ట్రం నార్త్ ఆడమ్స్‌లోని మాస్ మోకా మ్యూజియం. 2008 నుంచి అక్కడ ఆయన గోడ చిత్రాలు ఒక భవనం నిండా ఉన్నాయి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఆస్టిన్ నగరంలో, టెక్సస్ యూనివర్సిటీ ప్రాంగణంలోని బ్లాంటన్ మ్యూజియం దగ్గర అమెరికన్ చిత్రకారుడు ఎల్స్‌వర్త్ కెల్లీ కట్టడం 'ఆస్టిన్' ఉంది. 1949లో పారిస్ మ్యూజియంలో చిత్రాలకంటే కిటికీ నచ్చి, ఆ కిటికీనే చిత్రంగా చేసినవాడు కెల్లీ. 2015లో చనిపోయాడు, ఈ కట్టడం 2018లో తెరిచారు. తెల్లటి గోడల్లో రంగు గాజు కిటికీలు. మబ్బు లేని రోజు చూసుకుని వెళ్లండి.

మా హాల్లో ఒక గోడకు ఇలాంటిది వేయించుకోవచ్చా?

తప్పకుండా. ముందు ఇంటర్నెట్‌లో డిజైన్ వెతకడం ఆపి, ఆ గోడకు ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. తలుపు, కిటికీ, స్విచ్ బోర్డు, ఏసీ, టీవీ, వీటి అంచులు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద కొలతలతో గీయండి. మీ కూర్పు ఈ గీతల్లోంచే పుట్టాలి. ఆ గీతలతో కలిసి నడవాలో, వాటికి అడ్డం తిరగాలో ముందే తేల్చుకోండి. రోజూ ఉండే గదికి నేనైతే కలిసి నడిచేదే చెబుతాను. వాలు గీతలు మెట్ల దగ్గరకో, దాటి వెళ్లే వరండాకో బాగుంటాయి.

రంగులు మూడు మించొద్దు. మాస్కింగ్ టేపుతో గీతలు అతికించి వారం రోజులు అలాగే వదిలెయ్యండి. పొద్దుటి వెలుగులో, రాత్రి లైట్ల కింద, గుమ్మంలోంచి, వంటగదిలోంచి చూడండి. నచ్చని గీతను జరపడానికి అప్పుడు ఖర్చేమీ లేదు.

గోడకు పుట్టీ పెట్టించి, సాండ్‌పేపర్ కొట్టించి, ప్రైమర్ వేయించాక మ్యాట్ ఎమల్షన్ వాడమనండి. మెరిసే పెయింట్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడి రంగు పలక చదునుగా కనబడదు. గీత అంచు పదునుగా రావాలంటే టేపు అతికించాక దాని అంచు మీద మొదట కింది రంగే ఒక పూత వేసి, అది ఆరాక పై రంగు వెయ్యాలి. సందుల్లోకి కారేది కింది రంగే కాబట్టి మరక కనబడదు. పై రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపు మెల్లగా లాగెయ్యాలి.

ఇంకో మాట. మన శ్లాబులు, గోడలు చాలా ఇళ్లలో కచ్చితమైన మట్టంలో ఉండవు. గోడ సంగతి దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తే తెలుస్తుంది, శ్లాబు సంగతి మట్టం పెట్టి చూస్తే తెలుస్తుంది. సీలింగ్ పక్కనే నిఖార్సైన మట్టపు గీత గీస్తే శ్లాబు వంకర బయటపడుతుంది. అలాంటి చోట మొదటి గీతను సీలింగ్‌కు కనీసం ఒక అడుగు కిందికి దించమని పెయింటర్‌కు చెప్పండి.